మస్టాంగ్, కమారో, ఛాలెంజర్: హార్స్‌పవర్ లెక్క పక్కన పెట్టి చూస్తే

అమెరికన్ మజిల్ కార్లలో (పెద్ద ఇంజనున్న రెండు తలుపుల కార్లు) ఫోర్డ్ మస్టాంగ్ జీటీకి (2018–2021) 460, షెవర్లే కమారో ఎస్‌ఎస్‌కి 455, డాడ్జ్ ఛాలెంజర్ స్కాట్ ప్యాక్‌కి 485 హార్స్‌పవర్. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుని ఏది గొప్పదని వాదించుకునేవాళ్ళకు కొదవ లేదు. ఆ వాదన ఎప్పటికీ తేలదు, ఎందుకంటే ఈ మూడు బళ్ళ అసలు తేడా ఆ అంకెల్లో లేదు. నిలబడ్డచోటి నుంచి గంటకు 60 మైళ్ళు అందుకోవడానికి మూడిటికీ 4 సెకన్లు అటూఇటూగానే పడుతుంది. రోడ్డు వంపు తిరిగినప్పుడు, వెనక సీట్లో మనిషిని కూర్చోబెట్టాల్సి వచ్చినప్పుడు, టైర్లు అరిగి కొత్తవి కొనాల్సి వచ్చినప్పుడే ఏది ఎలాంటి బండో బయటపడుతుంది.

ఇక్కడ చెప్పేదంతా 2015–2023 మధ్య వచ్చిన మస్టాంగ్ (ఎస్550 తరం), 2016–2024 ఆరో తరం కమారో, 2008 నుంచి 2023 దాకా నడిచిన ఛాలెంజర్ గురించి. ఛాలెంజర్ తయారీ 2023 డిసెంబరులో కెనడాలోని బ్రాంప్టన్‌లో ఆగిపోయింది. కమారో కూడా అదే నెలలో మిషిగన్‌లోని లాన్సింగ్‌లో ఆగింది. వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌తో ఇప్పటికీ కొత్తగా దొరికేది మస్టాంగ్ ఒక్కటే. కాబట్టి అమెరికాలో ఈ మూడిటినీ పోల్చి కొనేవాళ్ళు చాలావరకు సెకండ్ హ్యాండ్ మార్కెట్లోనే వెతుకుతారు. అక్కడ మోడల్ పేరు కంటే ఏ ప్యాకేజీ, ఏ గేర్‌బాక్స్, ఏ సంవత్సరం అన్నవే ఎక్కువ తేడా తెస్తాయి. (శుద్ధవాదులు ఇవి మజిల్ కార్లు కావు, ‘పోనీ’ కార్లు, అంటే వాటికన్నా చిన్నవైన స్పోర్టీ కార్లు, అంటారు. మస్టాంగ్, కమారోల విషయంలో అది నిజమే. కానీ ఇప్పుడు ఆ తేడా పాటించేవాళ్ళు తక్కువే.)

బరువూ, దాని కింద ఉన్న చట్రమూ

మాన్యువల్ గేర్ల కమారో ఎస్‌ఎస్ సుమారు 1,670 కిలోలు తూగుతుంది. మస్టాంగ్ జీటీ 1,680 దగ్గర మొదలై ఆప్షన్లు చేరేకొద్దీ ఇంకా బరువెక్కుతుంది. ఛాలెంజర్ స్కాట్ ప్యాక్ 1,900 దాటుతుంది. ఒక్కో హార్స్‌పవర్ వాటాకు ఎన్ని కిలోలు వస్తాయో భాగించి చూడండి. మొదటి రెండిటికీ 3.7 దగ్గర, ఛాలెంజర్‌కు దాదాపు 4. అంటే కాగితం మీద పవర్ ఎక్కువున్న బండే వెనకబడుతోంది. తిన్నటి రోడ్డు మీద ఈ తేడా అర సెకను లోపే ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడూ మలుపు తిప్పినప్పుడూ మాత్రం ఆ అదనపు రెండొందల పైచిలుకు కిలోల భారమంతా టైర్లూ బ్రేకు ప్యాడ్లే మోయాలి. పైగా ఛాలెంజర్ బరువులో 57 శాతం దాకా ముందు చక్రాల మీదే ఉంటుంది. వేగంగా మలుపులోకి దిగితే ముక్కు బయటికి జారిపోవడానికి కారణం ఇదే.

ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దూరం మస్టాంగ్‌లో 2,720 మిల్లీమీటర్లు, కమారోలో 2,811, ఛాలెంజర్‌లో 2,951. దూరం పెరిగేకొద్దీ హైవే మీద బండి నిలకడగా ఉంటుంది, వెనక సీట్లో కాళ్ళకు చోటొస్తుంది. ఇరుకు మలుపుల్లో మాత్రం మొద్దుగా తిరుగుతుంది. ఛాలెంజర్ కింద ఉన్నది డైమ్లర్‌క్రైస్లర్ రోజుల నాటి ఎల్‌ఎక్స్ ప్లాట్‌ఫామ్ వారసత్వం. అదే చట్రం మీద పెద్ద సెడాన్లు వచ్చాయి. అందుకే హైదరాబాదు–విజయవాడ అంత దూరాన్ని ఒక్క బిగిన, నడుం నొప్పి లేకుండా లాగించేస్తుంది.

కమారో కథ దీనికి పూర్తిగా తిరగేసినది. జనరల్ మోటార్స్ ఆల్ఫా ప్లాట్‌ఫామ్‌ను మొదట కాడిలాక్ ఏటీఎస్ కోసం తయారుచేసింది. బీఎండబ్ల్యూ 3 సిరీస్‌కు పోటీగా నిలబెట్టాలన్నది ఉద్దేశం. ఆ చట్రంలోకి కార్వెట్ నుంచి వచ్చిన 6.2 లీటర్ల ఎల్‌టీ1 ఇంజన్ దింపారు. స్టీరింగ్ తిప్పగానే ముక్కు తడుముకోకుండా తిరగడం, మలుపు మధ్యలో గతుకు తగిలినా దారి తప్పకపోవడం కమారోలో కనిపిస్తాయంటే ఆ చట్రం గట్టిదనమే కారణం.

మస్టాంగ్ ఈ రెండిటి మధ్యలో ఉంటుంది. 2015 మోడల్‌తో వెనక రెండు చక్రాలనూ కలిపే సాలిడ్ యాక్సిల్‌ను వదిలేసి, అన్ని మోడళ్ళకూ ఒక్కో చక్రం విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఇచ్చారు. మజిల్ కారు తిన్నగా తప్ప పోదన్న పాత మాట మస్టాంగ్ విషయంలో అప్పటితో చెల్లిపోయింది. అయితే సస్పెన్షన్‌ను మోసే వెనక సబ్‌ఫ్రేమ్‌ను బాడీకి కలిపే రబ్బరు బుషింగులు మెత్తనివి. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే సబ్‌ఫ్రేమ్ కదిలి, వెనక చక్రాలు పట్టు దొరికీ దొరక్క ఎగిరెగిరి పడతాయి. వీల్ హాప్ అనేది ఇదే. దీన్ని అలాగే వదిలేస్తే చక్రాలను తిప్పే హాఫ్ షాఫ్టుల మీదికి వస్తుంది. సబ్‌ఫ్రేమ్ బ్రేస్, బుషింగ్ లాకౌట్లు వేయిస్తే చాలావరకు తగ్గుతుంది. ఖర్చు కొన్ని వందల డాలర్లే, కాకపోతే క్యాబిన్‌లోకి కాస్త చప్పుడు వస్తుంది.

పేరు ఒకటే, బండ్లు వేరు

మస్టాంగ్ జీటీ బాగా తిరగదని ఒకరు, అద్భుతంగా తిరుగుతుందని ఇంకొకరు అంటే ఇద్దరి మాటా నిజమే అయ్యుండొచ్చు. మామూలు జీటీకి 18 అంగుళాల చక్రాలకు 235 మిల్లీమీటర్ల ఆల్ సీజన్ టైర్లు వేసి ఇచ్చారు. అదే జీటీకి పెర్ఫార్మెన్స్ ప్యాక్ ఉంటే ముందు 255, వెనక 275 వెడల్పు సమ్మర్ టైర్లు, ఆరు పిస్టన్ల బ్రెంబో బ్రేకులు, 380 మిల్లీమీటర్ల ముందు డిస్కులు, పెద్ద రేడియేటర్, మాన్యువల్ అయితే 3.73 నిష్పత్తి టోర్సెన్ డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకూ శక్తిని పంచే భాగం) వస్తాయి. వీటన్నిటినీ తర్వాత విడివిడిగా కొని బిగించాలంటే ప్యాకేజీకి అప్పట్లో తీసుకున్న అదనపు ధర ఏ మూలకూ చాలదు. సెకండ్ హ్యాండ్‌లో మాత్రం ఈ ప్యాకేజీ ఉన్నదానికీ లేనిదానికీ ధరలో తేడా చాలాసార్లు అంత ఉండదు. తెలిసి కొనేవాడికి లాభం అక్కడే ఉంది.

కమారోలో ఆ స్థానం 1ఎల్‌ఈ ప్యాకేజీది. ఎస్‌ఎస్ 1ఎల్‌ఈకి అయస్కాంత డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), ఎలక్ట్రానిక్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, ముందు 285, వెనక 305 వెడల్పు గుడ్‌ఇయర్ సూపర్‌కార్ 3 టైర్లు వస్తాయి. ఇది మాన్యువల్ గేర్లతోనే దొరుకుతుంది. ఆ డ్యాంపర్లలోని ద్రవంలో సన్నటి ఇనుప రేణువులుంటాయి. కరెంటు పంపితే అయస్కాంత క్షేత్రంలో అవి వరస కట్టి ద్రవాన్ని చిక్కబరుస్తాయి. దాంతో సెకనులో వెయ్యోవంతుల లెక్కలో సస్పెన్షన్ గట్టిపడగలదు, మెత్తబడగలదు. అందుకే రేస్ ట్రాక్ మీద అంత బిగువుగా ఉన్న బండే ఊళ్ళో గతుకుల మీద భరించగలిగేలా ఉంటుంది. కారుతున్న డ్యాంపర్‌ను మార్చాలంటే మామూలు డ్యాంపర్ ధరకు ఎన్నో రెట్లవుతుంది, కాబట్టి కొనేముందు నాలుగిటినీ తడిమి నూనె జాడ ఉందేమో చూడాలి.

కమారోలో అందరూ పట్టించుకోని ఇంకో గుణం చల్లదనం. ఎస్‌ఎస్‌లో ఇంజన్ ఆయిల్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ మూడిటికీ కూలర్లు కంపెనీ నుంచే వస్తాయి. ఎండాకాలం టెక్సస్‌లో ట్రాక్ డేకి (సొంత కారును రేస్ ట్రాక్ మీద తిప్పుకునే రోజుకి) తీసుకెళ్తే ఒక్కో సెషన్ 20 నిమిషాల చొప్పున రోజంతా తిప్పొచ్చు. మామూలు మస్టాంగ్ జీటీ అలా కాదు. కొద్ది ల్యాపుల్లోనే ఆయిల్ వేడెక్కి, కంప్యూటర్ పవర్ తగ్గించడం మొదలుపెడుతుంది. ట్రాక్ కోసమే మస్టాంగ్ కావాలంటే 2021–2023 మాక్ 1 వెర్షన్ చూడాలి. దానికి మాన్యువల్ అయితే ట్రెమెక్ టీఆర్-3160 గేర్‌బాక్సూ, అదనపు కూలర్లూ ఉంటాయి.

ఛాలెంజర్ స్కాట్ ప్యాక్‌కు మామూలుగా వచ్చేవి 245 టైర్లు. 6.4 లీటర్ల హెమీ ఇంజన్ టార్క్ (చక్రాలను తిప్పే బలం) 475 పౌండ్-ఫుట్. ఆ టార్కును ఆ టైర్లు రోడ్డుకు అందించలేవు. తడి రోడ్డు మీద ట్రాక్షన్ కంట్రోల్ తీసేసి ఆడుకునేవాళ్ళు గోడలకు గుద్దుకునే వీడియోల్లో ఈ బండి కూడా కనిపించడం వింతేమీ కాదు. వైడ్‌బాడీ వెర్షన్‌లో మడ్‌గార్డులు మూడున్నర అంగుళాలు వెడల్పు చేసి 305 టైర్లు వేశారు. దానితో పట్టు బాగా పెరిగింది కానీ బరువు ఎక్కడికీ పోలేదు. మలుపుల కోసమే ఛాలెంజర్ కొంటున్నానంటే ఆ మాట ఇంకోసారి ఆలోచించుకోవాలి. రోడ్ ట్రిప్ కోసం అంటే మాత్రం మిగతా రెండూ దాని దరిదాపుల్లోకి కూడా రావు.

చూపుకు

అందం ఎవరి కంటికి వాళ్ళది. కానీ ఆ అందానికి ఎంత మూల్యం చెల్లిస్తున్నామన్నది కొలిచి చెప్పొచ్చు. కమారో ఎత్తు 1,349 మిల్లీమీటర్లే. తలుపు అంచు భుజం దాకా లేచి, అద్దాలు సన్నగా మిగిలాయి. బయటి నుంచి చూస్తే బలిసిన భుజాలతో, నేలకు అంటుకుని, ఎంతో బాగుంటుంది. లోపల కూర్చుంటే మాత్రం కోట బురుజు కన్నంలోంచి తొంగిచూస్తున్నట్టే. కుడి వెనక మూల అసలు కనిపించదు. బ్లైండ్ స్పాట్ హెచ్చరిక ఉన్న ట్రిమ్ (వెర్షన్) తీసుకోకపోతే ఫ్రీవే మీద లేన్ మారిన ప్రతిసారీ గుండె దడే. డిక్కీ 258 లీటర్లు, దాని నోరు ఇంకా చిన్నది. ఇండియా వెళ్ళేటప్పుడు చెక్-ఇన్ చేసే పెద్ద సూట్‌కేసు ఆ నోట్లో పట్టదు. మస్టాంగ్‌ది 382 లీటర్లు, ఛాలెంజర్‌ది 459. కమారో రెండు సీట్ల బండి అనుకుని కొంటే గొడవ లేదు. వెనక సీట్లు సంచులు పెట్టుకోవడానికి.

2019లో కమారో ఎస్‌ఎస్ ముక్కును మార్చి మధ్యలో నల్లటి పట్టీ వేశారు. జనం ఎంతగా విమర్శించారంటే మరుసటి ఏడాదే దాన్ని మళ్ళీ సరిదిద్దారు. ఆ 2019 ముఖం ఇప్పటికీ చాలామందికి నచ్చదు. బేరం ఆడేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి, లోపలి బండి అదే.

ఛాలెంజర్ రూపం 1970 నాటి ఛాలెంజర్‌ను దాదాపు ఉన్నదున్నట్టు తలపిస్తుంది. 2015లో 1971 మోడల్‌ను గుర్తుచేసేలా రెండుగా చీలిన గ్రిల్, వెనక దీపాలు వచ్చాయి. పదిహేనేళ్ళపాటు ఒకే ఆకారంతో అమ్ముడుపోయిన కారు అమెరికాలో అరుదు. పాతదనమే దాని బలం కాబట్టి పాతబడినట్టు అనిపించదు. పార్కింగ్ గ్యారేజీలో పెట్టేటప్పుడే 5 మీటర్ల పొడవు గుర్తొస్తుంది.

మస్టాంగ్‌లో వెనక వైపు వాలిన పైకప్పు, మూడు గీతల వెనక దీపాలు మారలేదు. 2018లో బానెట్ కిందికి దించారు. 2024లో వచ్చిన ఎస్650 తరంలో లోపల గుండ్రటి మీటర్లు పోయి 12.4, 13.2 అంగుళాల రెండు తెరలు వచ్చాయి. లోపలి అలంకరణ విషయంలో పాతదే మేలనిపిస్తుంది. కింది చట్రం మాత్రం ఎస్550 నుంచి మెరుగుపరుచుకుంటూ వచ్చినదే. కొత్త తరంలో ఇంజన్ కంప్యూటర్‌కు గట్టి తాళం పడింది. బయట ట్యూన్ చేయించుకునే ఆలోచన ఉన్నవాళ్ళు అందుకే 2018–2023 బళ్ళ వైపే చూస్తున్నారు.

డబ్బు ఎక్కడ పోతుంది

2015లో మస్టాంగ్ జీటీ 33 వేల డాలర్ల లోపే మొదలైంది. 2024కి డెలివరీ ఖర్చుతో కలిపి 42 వేలు దాటింది. 2020లో షెవర్లే ఎల్‌టీ1 అనే ట్రిమ్ తెచ్చింది. ఎస్‌ఎస్‌లోని 455 హార్స్‌పవర్ ఇంజన్, హంగులు తక్కువ, ధర 34,995 డాలర్ల నుంచి. వీ8 మోత చాలు, ట్రాక్ అక్కర్లేదనుకునేవాళ్ళకు సెకండ్ హ్యాండ్‌లో డబ్బుకు తగ్గ బండి అంటే మా దృష్టిలో ఇదే. కానీ దీన్ని ఎస్‌ఎస్ ధరకు అంటగట్టేవాళ్ళున్నారు. ఎస్‌ఎస్ బ్యాడ్జీ అతికించడం అయిదు నిమిషాల పని. బ్రేకులూ కూలర్లూ చూస్తే తెలిసిపోతుంది.

పెట్రోలు విషయంలో మూడూ కలిపిన సగటున గ్యాలన్‌కు 17 నుంచి 20 మైళ్ళే ఇస్తాయి. తేడా ఏ పెట్రోలు పోయాలన్న దగ్గర. మస్టాంగ్ 5.0 ఇంజన్ 87 ఆక్టేన్ రెగ్యులర్‌తో నడుస్తుంది, ప్రకటించిన పూర్తి పవర్ మాత్రం ప్రీమియంతోనే వస్తుంది. కమారో ఎల్‌టీ1కీ, ఛాలెంజర్ 6.4కీ ప్రీమియం పోయాలి. ఛాలెంజర్ 5.7 లీటర్ల ఆర్/టీకి 89 సరిపోతుంది. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే సుమారు 660 గ్యాలన్లు. గ్యాలన్‌కు 80 సెంట్ల తేడా ఉందనుకుంటే ఏడాదికి 500 డాలర్ల పైమాటే.

టైర్లే అసలు దొంగలు. 1ఎల్‌ఈకి వచ్చే మెత్తటి టైర్లు మామూలు ఆల్ సీజన్ టైర్లతో పోలిస్తే చాలా త్వరగా అరుగుతాయి. ముందూ వెనకా సైజులు వేరు కాబట్టి మార్చి వాడుకునే వీల్లేదు. పైగా ఇవి 4–5 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే పట్టు కోల్పోతాయి. గడ్డకట్టే చలిలో బండి కదిలిస్తే ట్రెడ్ పగిలే ప్రమాదం ఉంది. న్యూజెర్సీలోనో చికాగోలోనో ఉంటూ ఒకే కారు పెట్టుకునేవాళ్ళు శీతాకాలానికి రెండో సెట్టు చక్రాల ఖర్చు ముందే కలుపుకోవాలి. లేదంటే వీ6 ఇంజన్‌తో ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న ఛాలెంజర్ ఒకటుంది. చప్పుడు మాత్రం ఆశించొద్దు.

ఇన్సూరెన్సు సంగతి అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మన కుర్రాళ్ళకు బాగా చెప్పాలి. పాతికేళ్ళ లోపు వయసు, అక్కడి డ్రైవింగ్ రికార్డు ఒకటి రెండేళ్ళదే, బండి వీ8. ఈ మూడూ కలిస్తే ప్రీమియం కారు వాయిదాను మించిపోయిన సందర్భాలు కొత్తేమీ కాదు. అడ్వాన్సు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే ఆ బండి విన్ నంబరుతో (ప్రతి బండికీ ఉండే గుర్తింపు సంఖ్య) రెండు మూడు కంపెనీల దగ్గర కోట్ తీసుకోండి. రీబిల్ట్ టైటిల్ బండి (ప్రమాదంలో బాగా దెబ్బతిని, బాగుచేసి మళ్ళీ రిజిస్టర్ చేసినది) మూడో వంతు తక్కువకు వస్తోందని ఆశపడితే, చాలా బ్యాంకులు దానికి అప్పివ్వవు, పూర్తి కవరేజీ ఇవ్వని ఇన్సూరెన్సు కంపెనీలూ ఎక్కువే. అమ్మబోతే మీకూ అదే తక్కువ ధర వస్తుంది.

దొంగతనాలు ప్రీమియం పెరగడానికి ఇంకో కారణం. అమెరికాలోని హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ లెక్కల్లో 2022–2024 మోడల్ కమారో జెడ్‌ఎల్1 (సూపర్‌చార్జ్‌డ్ వెర్షన్) దొంగతనాల క్లెయిములు మిగతా కార్ల సగటుకు 39 రెట్లున్నాయి. అంతకుముందు ఆ స్థానం డాడ్జ్ చార్జర్ హెల్‌క్యాట్‌ది. దొంగలు డాష్‌బోర్డు కింద కారు కంప్యూటర్‌ను చదవడానికుండే ఓబీడీ పోర్టుకు పరికరం తగిలించి కొత్త తాళంచెవి రాసుకుంటారు, లేదా రిమోట్ సంకేతాన్ని కాజేస్తారు. డాడ్జ్ 2021లో ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చింది. నాలుగంకెల కోడ్ కొట్టకపోతే ఇంజన్ 675 ఆర్‌పీఎం దాటదు, 3 హార్స్‌పవర్ కూడా ఇవ్వదు. 2015–2021 మధ్య వచ్చిన 6.4, సూపర్‌చార్జ్‌డ్ 6.2 బళ్ళకు డీలర్లే దాన్ని వేస్తారు. స్కాట్ ప్యాక్ కొంటే అది వేశారో లేదో అడగండి. స్టీరింగుకు వేసే ఇనుప లాకు పాతకాలపుదే అయినా పనికొస్తుంది.

ఇక హైదరాబాదులోనో విజయవాడలోనో కొనాలనుకుంటే ఈ పోలికకే తావు లేదు. కుడివైపు స్టీరింగుతో ఫ్యాక్టరీ నుంచి వచ్చింది మస్టాంగ్ ఒక్కటే. 2016లో ఫోర్డ్ దాన్ని ఇండియాకు తెచ్చింది. ఢిల్లీ ఎక్స్-షోరూమ్ ధర 65 లక్షలు, 5.0 వీ8ను 401 పీఎస్‌కు తగ్గించి, 6 గేర్ల ఆటోమేటిక్‌తో ఇచ్చారు. కమారో, ఛాలెంజర్ ఫ్యాక్టరీలో ఎడమ స్టీరింగుతోనే తయారయ్యాయి. ఎడమ స్టీరింగ్ బండిని ఇక్కడ మామూలుగా దిగుమతి చేసుకుని రిజిస్టర్ చేయించుకోలేరు. ఎవరైనా తెప్పించి పెడతామంటే ముందు ఆర్‌సీ చూపించమనండి.

ఏది ఎక్కడ పాడవుతుంది

మస్టాంగ్ మాన్యువల్‌లోని ఎంటీ-82 గేర్‌బాక్స్‌కు మంచి పేరు లేదు. ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర రెండు నుంచి మూడో గేరుకు వేస్తే పడదు, లేదా గరగరమంటుంది. షిఫ్టర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ మెత్తదనం ఇందుకు ఒక కారణం. గట్టి బ్రాకెట్ వేస్తే కొంత నయం, గేరు దంతాలు అప్పటికే అరిగుంటే మాత్రం ఏ బ్రాకెట్టూ కాపాడదు. 2018 నుంచి వచ్చిన 10 గేర్ల ఆటోమేటిక్ వేగంలో మాన్యువల్‌ను దాటేస్తుంది. కానీ మొదటి బళ్ళలో గేరు క్లచ్‌లుండే సీడీఎఫ్ డ్రమ్ లోపలి బుషింగ్ పక్కకు జరిగి ఆయిల్ ఒత్తిడి తప్పుతుంది. గేరు మారేటప్పుడు వెనక నుంచి ఎవరో తోసినట్టు కుదుపు వస్తే అనుమానించాలి. 2022 ఆగస్టు నుంచి ఆ భాగాన్ని మార్చారు. 2018 ఇంజన్లలో వేడెక్కాక ఐడిల్‌లో టైపు మిషన్ కొట్టినట్టు టికటిక వినిపిస్తే, దానంతట అది ఇంజన్ చెడిందన్న గుర్తు కాదు.

కమారో 2018 దాకా వచ్చిన 8 గేర్ల ఆటోమేటిక్‌లో స్థిరంగా 40–60 మైళ్ళ వేగంలో నడుపుతుంటే, గరుకు రోడ్డు మీద వెళ్తున్నట్టు వణుకు రావచ్చు. పాత ఫ్లూయిడ్ తేమను పీల్చుకోవడం వల్ల టార్క్ కన్వర్టర్ క్లచ్ జారడమే మూలం. కొత్త రకం ఫ్లూయిడ్‌తో పూర్తిగా కడిగి మారిస్తే చాలా బళ్ళు కుదురుకున్నాయి. ఆ బిల్లు ఉందేమో అడగండి. ఎల్‌టీ1లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి పోతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వులను కడిగేది ఏమీ ఉండదు, మసి పేరుకుంటుంది. 2018 తర్వాతి మస్టాంగ్‌లో పోర్టు ఇంజెక్షన్ కూడా ఉండటంతో ఈ బెడద తక్కువ. ఆటోమేటిక్ కమారోల్లో సగం సిలిండర్లను ఆపేసే ఏర్పాటుంది, మాన్యువల్‌లో లేదు. ఆ ఏర్పాటులోని లిఫ్టర్లు (వాల్వులను లేపే భాగాలు) చెడతాయన్న బెంగ వద్దనుకుంటే మాన్యువలే మేలు.

హెమీ ఇంజన్ టికటికల్లో రెండు రకాలు. ఒకటి వందల డాలర్లలో తేలుతుంది, రెండోది వేలల్లోకి పోతుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ వినిపించి, వేడెక్కేకొద్దీ మాయమైతే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ బోల్టు విరిగినట్టు. లోహం వేడికి సాగి ఆ సందు మూసుకుంటుంది. వేడెక్కాక కూడా అలాగే ఉంటే, దానికి మిస్‌ఫైర్ కూడా తోడైతే, లిఫ్టర్ రోలర్ పట్టేసి క్యామ్‌షాఫ్ట్‌ను గీకేస్తోందని అర్థం. హెడ్లు విప్పి లిఫ్టర్లూ క్యామూ రెండూ మార్చాల్సిందే. ఒక్క లిఫ్టర్ మార్చి సరిపెడితే కొద్ది నెలలకే తిరిగొస్తుంది. 2008–2010 ఛాలెంజర్లకు లోపమున్న తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగు మార్చారో లేదో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైటులో విన్ కొట్టి చూడకుండా స్టీరింగ్ ముందు కూర్చోకూడదు.

బండి దగ్గరికి వెళ్ళాక

విన్‌లో ఎనిమిదో అక్షరం ఇంజన్ చెబుతుంది. ఎస్550 మస్టాంగ్‌లో అక్కడ ఇంగ్లీషు ఎఫ్ ఉంటే 5.0 వీ8, హెచ్ ఉంటే 2.3 టర్బో. కమారోలో 7 అంటే ఎల్‌టీ1, 6 అంటే జెడ్‌ఎల్1 ఇంజన్, ఎస్ అంటే వీ6. ఛాలెంజర్‌లో జే 6.4కు, టీ 5.7కు, జీ వీ6కు. ఫోటోల్లోని బ్యాడ్జీలు ఏం చెప్పినా ఈ అక్షరాన్నే నమ్మాలి.

20 డాలర్ల ఓబీడీ స్కానర్ జేబులో పెట్టుకోండి. చెక్ ఇంజన్ దీపం వెలగకపోయినా రెడీనెస్ మానిటర్లు (కంప్యూటర్ తనంతట చేసుకునే పరీక్షలు) పూర్తి కాలేదని చూపిస్తే, లోపాల కోడ్లు ఈమధ్యే చెరిపేసి ఉండొచ్చు. కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళు ఇంకోటి అడగాలి. 2021 జులై నుంచి అక్కడి స్మాగ్ పరీక్షలో ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చారేమో కూడా చూస్తున్నారు. అనుమతి లేని ట్యూన్ వేసిన బండి అక్కడ ఫెయిలవుతుంది, మళ్ళీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేయించే ఖర్చు కొన్నవాళ్ళదే.

ముందు టైర్ల లోపలి అంచుల మీద చెయ్యి పెట్టి చూడండి. బయట బాగున్నా లోపల తీగలు తేలుంటే అలైన్‌మెంట్ ట్రాక్‌కు తగ్గట్టు మార్చి ఉండొచ్చు. బ్రేకు డిస్కుల మీద సన్నటి పగుళ్ళు, చక్రాల లోపల అంటుకున్న రబ్బరు ముద్దలు కూడా ఆ కథే చెబుతాయి. ట్రాక్ మీద తిరగడం తప్పేమీ కాదు, ఆయిలూ బ్రేకు ఫ్లూయిడూ వేళకు మార్చిన బిల్లులుంటే ధర మాట్లాడుకోవచ్చు.

వెళ్ళే ముందురోజే ఫోన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచమని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే, ఎన్ని కారణాలు చెప్పినా, ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పి తిరిగి రండి.